ఒథెల్లో పాటగా మారితే ఏది మిగిలింది, ఏది పోయింది

తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కృష్ణరాయబారం చూసినవాళ్లకు ఒపెరా, అంటే పాటలతోనే నడిచే నాటకం, రాయడంలోని చిక్కు విడమరచి చెప్పక్కర్లేదు. ‘చెల్లియో చెల్లకో’ ఒక్క ఉత్పలమాల: నాలుగు పాదాలు, 80 అక్షరాలు. చదివితే అరనిమిషం పట్టదు. రాగం తీసి పాడితే మూడు నాలుగు నిమిషాలు, జనం ‘వన్స్‌మోర్’ అంటే ఇంకో నాలుగు. కాబట్టి కావ్యాన్ని పాటలోకి తెచ్చేవాడికి మొదటి పని కోత.

ఇటలీ సంగీతకర్త వెర్డీ ఒపెరా ‘ఒటెల్లో’ (1887, మిలాన్‌లోని లా స్కాలా రంగశాల) ఇందుకు మంచి పాఠం. షేక్‌స్పియర్ నాటకం మూడు వేల పంక్తులు దాటుతుంది. కవి అర్రీగో బొయితో దాన్నుంచి రాసిన ఒపెరా పాఠం అందులో నాలుగో వంతుకు అటూ ఇటూ. వెనిస్‌లో జరిగే మొదటి అంకాన్ని ఆయన ఎత్తేశాడు. తెర లేస్తూనే సైప్రస్ రేవు, తుఫాను, ఒడ్డున జనం బృందగానం. ఓడ దిగిన సేనాని ఒథెల్లో విజయం చాటుతూ నాలుగు ముక్కలు పాడి లోపలికి వెళ్లిపోతాడు. పాత్రప్రవేశం అంటే అదీ! పోయిన అంకంలోంచి ఒక్కటి దాచుకున్నాడు: అతని యుద్ధకథలు విని డెస్డిమోనా మనసిచ్చిన వైనం. నాటకంలో అది సభ ముందు ఒథెల్లో ఇచ్చుకునే సంజాయిషీ. ఒపెరాలో మొదటి అంకం చివర భార్యాభర్తల యుగళగీతం. అక్కడ ముద్దు అడిగేటప్పుడు వినిపించే వరసే, చివర అనుమానంతో తానే చంపిన ఆమె శవం పక్కన అతను ప్రాణం వదిలేటప్పుడు మళ్లీ వస్తుంది. పశ్చాత్తాపానికి వేరే ఉపన్యాసం రాయాల్సిన పని తప్పింది.

నష్టమూ ఉంది. ‘తండ్రినే మోసగించింది, నిన్నూ మోసగించవచ్చు’ అని డెస్డిమోనా తండ్రి బ్రబాన్షియో ఒథెల్లోకు చేసిన హెచ్చరిక ఆ అంకంతోనే పోయింది. నాటకంలో ఒథెల్లోను మోసగించే అనుచరుడు ఇయాగో ఆ సంగతి గుర్తుచేసే అనుమానాన్ని పెంచుతాడు. ఆ ఊతం లేక ఒపెరాలో ఒథెల్లో మరీ తొందరగా నమ్మేసినట్టు అనిపిస్తాడు. రెండో అంకంలో ఇయాగోకు కొత్తగా రాసిచ్చిన ‘క్రేదో’ (తన నమ్మకం చాటుకునే ఏకపాత్ర గీతం) ఎంత గొప్పదైనా ఈ లోటు పూడ్చదు.

పెద్దన మనుచరిత్రలోని ప్రవరుడి కథను సంగీతరూపకం చేయబోతే, అతన్ని మంచుకొండకు చేర్చిన పాదలేపం అక్కడ కరిగిన చోటే మొదలుపెట్టాలనిపిస్తుంది. అప్పుడు ఆ లేపం ఇచ్చిన సిద్ధుడు పోతాడు. ఆయనతోపాటే, ఇల్లు కదలని గృహస్థుకున్న తీర్థాల పిచ్చీ పోతుంది. ప్రవరుడు దారితప్పిన బాటసారిగా మిగులుతాడు. ఆ కోరికను అతని నోటే పది పన్నెండు పాదాల దరువులో పెట్టాలి. లేపం సంగతి మాత్రం పాటలో వద్దు. వాయిద్యాలు తగ్గించి వచనంలో చెప్పించాలి, లేకపోతే వెనక వరసలకు కథే అందదు.

వరస కట్టేటప్పుడు తారస్థాయిలో నిలపడానికి ఆకారం, ఓకారం సులువు; ఈకారం దగ్గర చాలామందికి గొంతు బిగుస్తుంది. ప్రవరుడు వరూధినిని అడిగే ‘ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ’లో వీ, భీ రెండూ ఈకారాలే, అందుకని మధ్యస్థాయిలోనే నడపడం మేలు. సమాసం మధ్యలో ఊపిరి తీయకూడదు. ‘భీతహరి’ దగ్గర ఆగితే శ్రోతకు హరి వినిపిస్తాడు, లేడి మాయమవుతుంది. గాయకుడికిచ్చే ప్రతిలో ఊపిరి గుర్తులు రాసినవాడే పెట్టాలి, రిహార్సల్ దాకా ఆగకుండా.