మర్రిగూడలో లేని మా బ్రాంచి: నా అనుభవం

నిన్న రాత్రి పదకొండు దాటాక మా వెబ్‌సైట్‌లో మిగిలిన ఆఖరి దొంగ పేజీని తీసేశాను. మూడు నెలల టెన్షన్ దిగింది. వేడి చల్లారకముందే రాసి పెడుతున్నాను. ఎందుకంటే మాలాంటి చిన్న దుకాణాలకు ఇదే బేరంతో ఇప్పుడు రోజూ ఫోన్లు వస్తున్నాయి. "మండలానికో పేజీ, ఊరికో పేజీ పెడతాం, ఎవరు ఎక్కడ వెతికినా మీరే కనపడతారు" అంటారు. నేను నమ్మాను.

మాది నల్లగొండలో తాగే నీళ్ళు శుద్ధి చేసే ఆర్వో వాటర్ మిషన్ల సర్వీసు. మా ఆయన, ఇద్దరు పిల్లగాళ్ళు బండ్ల మీద ఊళ్ళు తిరుగుతారు. ఫోన్లు ఎత్తడం, ఎవరింటికి ఏ రోజు వెళ్ళారు, ఏం మార్చారు, నీళ్ళ టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) ఎంత వచ్చింది అని రిజిస్టరులో రాయడం నా పని. పదకొండేళ్ళ రిజిస్టర్లు నా దగ్గర ఉన్నాయి. ఒక్క పేజీ చినగలేదు.

గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం పెట్టుకోవడం తేలిక. బోర్డు, షట్టరు తాళం తీయడం, లోపలి సామాను ఒకే వీడియోలో తీసి పంపితే కొన్ని రోజుల్లో ఓకే అయింది. ఎక్కడెక్కడికి వెళ్ళి సర్వీసు చేస్తామో 20 ప్రాంతాల దాకా రాసుకోవచ్చు. నకిరేకల్, మిర్యాలగూడ, దేవరకొండ, మునుగోడు అన్నీ రాశాను. అయినా మునుగోడులో ఎవరైనా వెతికితే మేం కిందెక్కడో ఉండేవాళ్ళం. ఎందుకంటే మ్యాప్స్‌లో వెతికే మనిషికి దుకాణం ఎంత దూరమన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఏ ఊళ్ళు ఎక్కించినా ఆ దూరం తగ్గదు. మ్యాప్స్‌లో రానిది మామూలు వెతుకులాటలో రావాలంటే వెబ్‌సైట్‌లో ఆ ఊరికి పేజీ ఉండాలని అందరూ చెప్పారు. అది తప్పు మాట కాదు. ఆ పేజీలో ఏముండాలన్నదే నేను ఎవరినీ అడగలేదు.

హైదరాబాద్ నుంచి వెబ్‌సైట్లు చేసే ఒక ఏజెన్సీ కుర్రాడు వచ్చాడు. పేరు చెప్పను. పాత ఉమ్మడి జిల్లాలో 59 మండలాలు, మేం చేసే పనులు ఆరు: కొత్త మిషన్ బిగింపు, ఫిల్టర్ మార్పు, మెంబ్రేన్ (మిషన్లో నీళ్ళు వడకట్టే పొర) మార్పు, లీకేజీ రిపేరు, వాటర్ ప్లాంట్ రిపేరు, ఏడాది కాంట్రాక్టు. ఆరును 59తో గుణించి 354 పేజీలన్నాడు. పద్దెనిమిది వేలు అడిగాడు, ఇచ్చాను. నాలుగో రోజుకే 354 పేజీలు తయారు. మా ఆయన "ఇంత తొందరగా ఎట్ల రాసిండ్రు?" అని అడిగితే నేనే "కంప్యూటర్ పని అట్లనే ఉంటది" అని నోరు మూయించాను. ఆ రోజు ఆ 354లో నాలుగు పేజీలు చదివి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

నెలన్నర తర్వాత ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ముసలాయన గొంతు.

"బిడ్డా, మర్రిగూడల మీ దుకాణం యాడుంది? గంటసేపాయె బస్టాండు సుట్టు తిరుగుతున్న. ఎవర్నడిగినా తెల్వదంటున్రు."

"తాతా, మర్రిగూడలో మాకు దుకాణం లేదు. మేం నల్లగొండలో ఉంటాం."

"లేకుంటే ఫోన్ల ఎట్లున్నది? నా మనవరాలు సదివి సెప్పింది."

ఎవరో పొరపాటు పడ్డారనుకున్నాను. అడ్రసు చెప్పి, మావాళ్ళను పంపిస్తానన్నాను. ఆయన అంతసేపు ఆగలేదు. మర్నాడు పొద్దున బస్సెక్కి మిషన్ కవర్లో చుట్టుకుని దుకాణానికే వచ్చాడు. కౌంటర్ దగ్గర అప్పటికే ఐదుగురు ఉన్నారు. ఆయన మోకాళ్ళు రెండూ వంగిపోయి ఉన్నాయి. స్టూలు వేస్తే దాని మీద కూడా సరిగా కూర్చోలేకపోయాడు. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు పుట్టినవాళ్ళకు ఆ మోకాళ్ళు ఎందుకట్లా అవుతాయో వేరే చెప్పక్కర్లేదు. నీళ్ళలోని ఫ్లోరైడు. ఆ కాళ్ళతో ఆయన మండుటెండలో లేని దుకాణం కోసం గంటసేపు తిరిగాడు.

ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టి "సదువు బిడ్డా" అన్నాడు. చదివాను. "మర్రిగూడ బస్టాండు పక్కనే ఉన్న మా బ్రాంచిలో నిపుణులు మీ కోసం ఎదురుచూస్తున్నారు." కింద మా దుకాణం పేరు, నా ఫోన్ నంబరు. నా నోటితోనే నేను చదివాను, అందరూ విన్నారు.

పక్కనున్న ఒకాయనది చింతపల్లి మండలం. తన ఫోన్లో తన ఊరి పేజీ తీశాడు. "చల్లని కొండలు, కాఫీ తోటల నడుమ నెలకొన్న చింతపల్లి ప్రజలకు..." అని గట్టిగా చదివాడు. కాఫీ తోటలున్న చింతపల్లి విశాఖ మన్యంలోది, ఇప్పటి అల్లూరి జిల్లాలో ఉంది. దేవరకొండ దగ్గరి మా చింతపల్లిలో కాఫీ తోట ఎక్కడిది? ఇంకొకరు నాంపల్లి అని కొట్టారు. మా జిల్లాలోని నాంపల్లి మండలానికి ఆ పేజీలో హైదరాబాద్ రైల్వే స్టేషన్, ఎగ్జిబిషన్ గ్రౌండ్ వచ్చాయి. అందరూ నవ్వుతున్నారు. మా ఆయన లోపలి నుంచి తడి చేతులతో వచ్చి నిలబడ్డాడు, ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

పదకొండేళ్ళుగా ఆ ఊళ్ళలో మా మాట మీద గేట్లు తీసి వంటింట్లోకి పంపిస్తున్నారు. మగవాళ్ళు ఇంట్లో లేని సమయంలో కూడా "ఫలానా దుకాణం పిల్లగాడు" అంటే రానిస్తారు. అలాంటి పేరును నేను పద్దెనిమిది వేలిచ్చి అబద్ధాల కింద రాయించాను. తాత మిషన్‌కు మెంబ్రేన్ మార్చి, డబ్బులు తీసుకోకుండా మా పిల్లగాడిని తోడిచ్చి బస్సెక్కించాం. అయినా ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

ఆ రాత్రి రెండింటి దాకా కూర్చుని పేజీలన్నీ చదివాను. ఊరి పేరు తప్ప మిగతా అంతా ఒకటే. సూర్యాపేట వేరే జిల్లా అయింది 2016లో. పేజీలో మాత్రం ఇంకా "నల్లగొండ జిల్లా సూర్యాపేట" అనే ఉంది. కొత్తగా మండలమైన గట్టుప్పల్ అసలు లిస్టులోనే లేదు. వీటన్నిటికంటే నన్ను కోసేసిన వాక్యం ఒకటి 59 మండలాల పేజీల్లోనూ ఉంది: "టీడీఎస్ మీటరుతో మీ నీటిలో ఫ్లోరైడు ఎంత ఉందో ఉచితంగా చెబుతాం."

ఇది పచ్చి అబద్ధం. టీడీఎస్ మీటరు నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో అంచనా చెబుతుంది. అందులో ఫ్లోరైడు ఎంతో దానికి తెలియదు. టీడీఎస్ తక్కువున్న నీళ్ళలో కూడా ఫ్లోరైడు ఎక్కువ ఉండొచ్చు. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. అది తెలుసుకోవాలంటే రంగు మారే కిట్టుతో గానీ, ల్యాబులో గానీ పరీక్ష చేయాలి. మరిగించినా పోదు. పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ వాళ్ళు తయారు చేస్తే దానికి పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్. అలాంటి జిల్లాలో, మా పేరు మీద, మీటరు పెట్టి ఫ్లోరైడు చెబుతామని రాశారు. మా అమ్మది మునుగోడు వైపు. ఆమె పదేళ్ళుగా నేల మీద కూర్చోలేదు. మా జిల్లాలో ఫ్లోరైడు అన్న మాట రాసేవాడు చేయి కడుక్కుని రాయాలి.

పొద్దున్నే ఏజెన్సీకి ఫోన్ చేశాను. అరవకుండా, ఒక్కొక్కటి చదివి వినిపించాను. అక్కడ ఫోన్ ఎత్తినాయన అన్న మాట ఇది: "మేడం, ఆ పేజీలు జనం చదవడానికి కాదు, గూగుల్ చదవడానికి."

ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను. మర్రిగూడ తాత జనం కాదా?

గూగుల్ సంగతైనా సరిగ్గా చెప్పాడా అంటే అదీ లేదు. సెర్చ్ కన్సోల్ అని ఒకటుంటుంది, మన సైటును గూగుల్ ఎలా చూస్తోందో అందులో తెలుస్తుంది. మా తమ్ముడి కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వాడు తెరిచి చూపించాడు. 354లో గూగుల్ లెక్కలోకి, అంటే వెతికితే చూపించే జాబితాలోకి, తీసుకున్నవి 19. మిగతావాటి పక్కన "క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్" అని, ఇంకొన్నిటి పక్కన "డూప్లికేట్" అని ఉంది. అంటే గూగుల్ వచ్చి చూసి, ఇవన్నీ ఒకటే అని పక్కన పెట్టేసింది. ఊరి పేరు మార్చి ఒకే పేజీని వందల్లో పెట్టడాన్ని గూగుల్ డోర్‌వే పేజీలంటుంది, అది వాళ్ళ నియమాలకు విరుద్ధం. 2024 మార్చిలో ఇంకో నియమం చేర్చారు: మనిషి రాసినా, కంప్యూటర్ రాసినా, పనికిరాని పేజీలు కుప్పలుగా పెడితే స్పామే. మాకు శిక్ష నోటీసు రాలేదు, అది అదృష్టం. వచ్చి ఉంటే అన్నీ సరిచేసి, మళ్ళీ చూడండని గూగుల్‌కు అర్జీ పెట్టుకోవాల్సి వచ్చేది.

తీసేద్దామంటే తాళాలు మా దగ్గర లేవు. డొమైన్, అంటే వెబ్‌సైట్ అడ్రసు, ఏజెన్సీ పేరు మీద ఉంది, పాస్‌వర్డులు వాళ్ళ దగ్గరున్నాయి. మ్యాప్స్‌లో కూడా అసలు ఓనరుగా వాళ్ళ ఈమెయిలు పెట్టుకుని నన్ను మేనేజరుగా చేర్చారు. మా దుకాణానికి నేను మేనేజరునట! ఇరవై ఆరు రోజులు ఫోన్లు, మెసేజులు, చివరికి మా ఆయన హైదరాబాద్ వెళ్ళి వాళ్ళ ఆఫీసులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే ఇచ్చారు. ఎవరితో పని చేయించుకున్నా సరే, డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిలుతో, మీ డబ్బుతో కొనండి. వాళ్ళను మేనేజరుగా చేర్చండి, ఓనరుగా వద్దు. నేను చెప్పే సలహాల్లో ఇదొక్కటి పాటించినా చాలు.

తీసేయడం పెద్ద పని కాదు. ఒక్కటే జాగ్రత్త. పాత పేజీలన్నిటినీ మొదటి పేజీకి మళ్ళించమని ఎవరో చెప్పారు, అది వద్దు. దాన్ని గూగుల్ లేని పేజీ కిందే లెక్కేస్తుంది, వచ్చిన మనిషికీ అర్థం కాదు. తీసేసిన పేజీకి "ఇక లేదు" అని చెప్పే 410 కోడ్ పెట్టించాను. సెర్చ్ కన్సోల్‌లో తొలగింపు బటన్ కూడా ఉంది గానీ అది ఆరు నెలల పాటు దాచడమే. పేజీని సైటులోంచి తీయకుండా అదొక్కటే నొక్కితే మళ్ళీ బయటికొస్తుంది.

ఇప్పుడు కూడా ఊరి పేజీలు తయారు చేసేది కంప్యూటరే. అందులో తప్పు లేదు. తేడా అల్లా, దానికి తిండి నా రిజిస్టర్ల నుంచి పోతుంది. ఒక షీటు చేశాను. ఊరికో వరుస. ఊరు ఏ మండలం, ఏ జిల్లా. గడిచిన ఏడాది ఎన్నిసార్లు వెళ్ళాం. బోరు నీళ్ళా, సర్కారు మిషన్ భగీరథ నల్లా నీళ్ళా. మేం చూసిన టీడీఎస్ తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత, ఏ నెలలో. అక్కడ మిషన్లకు ఎక్కువగా వచ్చే జబ్బు ఏమిటి. వారంలో ఏ రోజు అటు వెళ్తాం. మా పిల్లగాళ్ళు అక్కడ తీసిన ఫోటో ఒకటి. ఈ గడుల్లో ఒక్కటి ఖాళీగా ఉన్నా ఆ ఊరికి పేజీ పుట్టదు. మా మేనల్లుడికి గట్టిగా చెప్పి అలాగే రాయించాను.

354 పోయి 23 అయ్యాయి. వాటిలో ఏ రెండూ ఒకలా లేవు. ఉండవు కూడా, బోరు నీళ్ళ ఊళ్ళో మెంబ్రేన్ ఎన్నాళ్ళు వస్తుందో నల్లా నీళ్ళ ఊళ్ళో అన్నాళ్ళే రాదు కాబట్టి. భగీరథ నీళ్ళు బాగా వస్తున్న ఊళ్ళ పేజీల్లో "మీకు ఆర్వో అవసరం ఉందో లేదో ముందు నీళ్ళు పరీక్ష చేయించుకోండి" అని కూడా రాశాను. మా ఆయన గొణిగాడు. రాసే ఉంచాను. ఫ్లోరైడు గురించి ప్రతి పేజీలో ఒకే మాట: మీటరుతో తెలియదు, ల్యాబులో చూపించండి. మిర్యాలగూడను ఇంగ్లీషులో మూడు రకాలుగా కొడతారు, ఒక్కో స్పెల్లింగుకు ఒక్కో పేజీ పెట్టొద్దు. అసలు పేజీ సరిగ్గా ఉంటే ఏ స్పెల్లింగు కొట్టినా అదే దొరుకుతుంది.

కొత్త పేజీలు పెట్టి ఐదు వారాలు. 23లో 20 లెక్కలోకి వచ్చాయి. పోయిన వారం "మీ పేజీ చూసి చేస్తున్నా" అని వచ్చిన ఫోన్లు ఏడు. ఏజెన్సీ వాళ్ళ నెలన్నరలో నాకు గుర్తున్న ఫోన్ మర్రిగూడ తాతదొక్కటే. పద్దెనిమిది వేలు తీసుకున్నవాళ్ళు చేయలేనిది ఇంటర్ చదివిన నేను రిజిస్టర్లతో చేశాను, ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

మర్రిగూడ పేజీ మొదటి వాక్యం నేనే రాశాను: "మర్రిగూడలో మాకు దుకాణం లేదు. మంగళవారం, శుక్రవారం మా వాళ్ళు అక్కడికి వస్తారు, మీ ఇంటికే వస్తారు, మీరు బస్టాండుకు రావొద్దు."

చింతపల్లి వరుసలో ఇంకా రెండు గడులు ఖాళీగా ఉన్నాయి, టీడీఎస్, ఫోటో. గురువారం మా ఆయన అటు వెళ్తున్నాడు. మీటరు, చార్జింగ్ పెట్టిన ఫోన్ సంచిలో వేసి పెట్టాను.