రొట్టెలు తిన్న మర్నాడు

శుక్రవారం ఉపవాస కూడికలో ప్రార్థన చీటీలు విప్పితే ఊరి పరిస్థితి మొత్తం తెలిసిపోతుంది. కువైట్ వీసా రావాలి. రొయ్యకు వైరస్ తగలకూడదు. రెండో పంట దాళ్వాకు కాలవ నీళ్లు శివారు చేలదాకా అందాలి. అమ్మాయికి సంబంధం కుదరాలి, అప్పు తీరాలి. ఇవి అడగడం అల్పమైన భక్తి అనేవాళ్లతో మేం ఏకీభవించం. యోహాను సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు ముందు జనానికి కడుపునిండా పెట్టాడు, బోధ మర్నాడు చేశాడు. ఐదు యవల రొట్టెలు, రెండు చేపలు. పురుషులే ఐదువేల మంది. మిగిలిన ముక్కలు పన్నెండు గంపలు.

చిక్కంతా ఆ మర్నాడే వచ్చింది. జనం పడవలెక్కి కపెర్నహూముకు వెతుక్కుంటూ వచ్చారు. రొట్టెలు తిని తృప్తిపడ్డారు కాబట్టే వచ్చారని ఆయన మొహం మీదే చెప్పాడు. పాడైపోయే ఆహారం కోసం కాదు, నిత్యజీవానికి నిలిచే ఆహారం కోసం పాటుపడమన్నాడు. మన కూడికల్లో ఈ మర్నాడు తరచూ కనిపిస్తుంది. వీసా వచ్చేదాకా ప్రతి శుక్రవారం ముందు వరసలో కూర్చున్న మనిషి, వచ్చాక సాక్ష్యం చెప్పి, కానుక వేసి, మరి కనబడరు. విశ్వాసం పోయిందని కాదు. అడగడానికి ఇంకేముందో వాళ్లకు ఎవరూ చూపించలేదు.

అది తెలియాలంటే ఆ అధ్యాయం చివరిదాకా చదవాలి. ప్రసంగాలు సాధారణంగా 15వ వచనం దగ్గర, అద్భుతం అయిపోగానే, ఆగిపోతాయి. మొత్తం 71 వచనాలు. వారానికి సరిగ్గా ఏడు భాగాలవుతాయి: 1–15, 16–21, 22–29, 30–40, 41–51, 52–59, 60–71. రోజుకొకటి, పైకి వినబడేలా, రెండుసార్లు చదవండి. మొదటిసారి కథ కోసం, రెండోసారి జనం ఏమడిగారో చూడడం కోసం. శిష్యుడు ఫిలిప్పు వేసిన లెక్క దగ్గర ఒక్క నిమిషం ఆగండి. దేనారం అప్పట్లో ఒక రోజు కూలి. రెండువందల దేనారాలంటే ఆరు నెలలకు పైగా కూలి డబ్బు, అదీ తలకు కొంచెం కొంచెం పెట్టడానికైనా చాలదంటాడు. అప్పు పద్దులు రాసుకునే ఇంట్లో ఈ వాక్యం ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. నాలుగో రోజు 34వ వచనంలో జనం ఆ ఆహారం ఎప్పుడూ మాకివ్వు అంటారు. వాళ్లింకా రొట్టె గురించే అడుగుతున్నారు. ఆ వెంటనే ఆయన జీవాహారం నేనే అంటాడు. అక్కడ మీ చీటీలో మొదటి విన్నపాన్ని తీసి, ఇది దొరికాక నాకు ఆయన ఎందుకు కావాలి అని కింద రాయండి. జవాబు తోచకపోతే ఖాళీగా వదిలేయండి, పై ఆదివారం మళ్లీ చూడండి. ఏడో రోజు కష్టమైన రోజు. 66వ వచనంలో చాలామంది శిష్యులు వెనక్కి వెళ్లిపోతారు.

ప్రార్థనకు వరస కావాలంటే ప్రభువు నేర్పిన ప్రార్థనే చాలు. నామం, రాజ్యం, చిత్తం ముందు, అనుదినాహారం నాలుగోది. పదిహేను నిమిషాలు పెట్టుకుంటే మొదటి ఐదు నిమిషాలు ఏమీ అడగకండి. రెండు నిమిషాలకే మనసు చిట్టీ పాటకో మేత బాకీకో పోతుంది. దాన్ని అణచాలని పెనుగులాడితే ఆ ఐదు నిమిషాలూ పోతాయి. పక్కన కాగితం పెట్టుకుని రెండు మాటలు రాసేసి వెనక్కి రండి, ఆహారం వంతు వచ్చినప్పుడు ఆ కాగితమే చదవండి.

తెల్లవారుజామునే లేచి ప్రార్థించాలన్న నియమం భీమవరం వైపు రొయ్యల చెరువుల వాళ్లకు పనికిరాదు. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది ఆ వేళకే, మనిషి నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్ల దగ్గర ఉండాల్సిందే. పొద్దున మేత వేసి, రొయ్య ఎంత తిన్నదో తెలిపే చెక్ ట్రే చూసేలోపు దొరికే ఖాళీ సమయం వాళ్లకు మంచిది. వేళ ఏదైనా సరే, రోజూ ఉండాలి. నిర్గమకాండము 16లో ఇశ్రాయేలీయులకు ఎడారిలో దేవుడు రోజూ ఇచ్చిన ఆహారం, మన్నా, తలకు ఒక ఓమెరు, అంటే సుమారు రెండు లీటర్లు. మర్నాటికి దాచుకుంటే పురుగుపట్టి కంపుకొట్టింది, ఆరో రోజున మాత్రమే రెండింతలు ఏరుకోనిచ్చాడు. ఆదివారం ప్రసంగంతో ఆరు రోజులు నెట్టుకొద్దామనుకునేవాళ్లు ఆ అధ్యాయం కూడా చదవాలి.

ఉపవాసం గురించి ఒక మాట. ఇరవై ఒక్క రోజులు, నలభై రోజులు అని లెక్క పెట్టి ఫలానా పని కోసం చేస్తే అది బేరమైపోతుంది. పని కాకపోతే దేవుడి మీద కినుక. వారానికి ఒక్క పూట మానండి, ఆ భోజనం వేళ అరగంట వాక్యానికే ఇవ్వండి. ఇవ్వకపోతే అది పస్తే. మంచినీళ్లు మానకూడదు, మే నెల ఉక్కలో అసలే మానకూడదు. షుగర్‌కు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా చేయొద్దు. ముగించేటప్పుడు గంజో మజ్జిగో తాగండి, బిర్యానీ వద్దు. మిగిలిన పూట బియ్యం ఆ రోజే ఎవరికైనా ఇచ్చేయండి. యెషయా 58 అడిగే ఉపవాసం అదే.

ఈ గోదావరి గడ్డకు వాక్యం వచ్చింది కూడా ఆకలి రోజుల్లోనే. 1832–33 డొక్కల కరువు తర్వాత కొద్ది ఏళ్లకే, 1836లో, విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే మిషనరీలు భార్యలతో తెలుగు తీరానికి వచ్చారు. తర్వాత నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా పనిచేశారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. కాలవల కంటే ముందు వచ్చిన మాట అది. నీళ్లొచ్చి పంటలు పండిన తర్వాత కూడా దాని అవసరం తీరలేదు.

గల్ఫ్‌లో మనవాళ్లున్న ఇళ్లలో ఫోను మాటలు డబ్బు పంపడంతో మొదలై డబ్బు అందడంతో ముగుస్తాయి. పైన చెప్పిన ఏడు భాగాలు అక్కడివాళ్లకు కూడా పంపండి. మనకు రాత్రి తొమ్మిదైతే కువైట్‌లో ఆరున్నర. ఇళ్లలో పనిచేసే అక్కలకు అది వంట వేళ, తీరిక ఉండదు. వాళ్లు ఎప్పుడు కుదురుతుందంటే అప్పుడే, ఇక్కడ పదకొండు దాటినా సరే, ఐదు నిమిషాలు ఆ రోజు భాగం ఒకరు చదవండి, ఇంకొకరు వినండి. డబ్బు సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.