హొమారే సావా లెక్కల్లో కనిపించని 2000

జపాన్ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణి హొమారే సావా గురించి ఎక్కడ చదివినా ముందు ఎదురయ్యేవి అంకెలే: జపాన్ తరఫున 205 మ్యాచ్‌లు, 83 గోల్స్, 1995 నుంచి 2015 వరకు వరుసగా ఆరు ప్రపంచకప్‌లు. హనుమకొండలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి రోజూ ప్రాక్టీసుకు వెళ్లే మా మేనకోడలు ఆ ఆరు ప్రపంచకప్‌ల దగ్గరే నోరు తెరిచింది. నా చూపు మాత్రం ఒలింపిక్స్ వరుస మీద నిలిచిపోయింది. అందులో 1996, 2004, 2008, 2012 ఉన్నాయి, 2000 లేదు.

1999 ప్రపంచకప్‌లో జపాన్ గ్రూపు దశ దాటలేకపోవడంతో 2000 సిడ్నీ ఒలింపిక్స్ అవకాశం చేజారింది. అదే రోజుల్లో, ఆర్థిక మాంద్యంలో చిక్కుకున్న కంపెనీలు మహిళల లీగ్ జట్లను పోషించలేక ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. పదిహేనేళ్ల వయసులో, 1993లో, ఫిలిప్పీన్స్‌పై ఆడిన తొలి అంతర్జాతీయ మ్యాచ్‌లోనే నాలుగు గోల్స్ కొట్టిన సావా, ఇరవై ఏళ్ల వయసుకు అమెరికా దారి పట్టవలసి వచ్చింది. అక్కడ 2001లో మొదలైన ప్రొఫెషనల్ లీగ్‌లో అట్లాంటా బీట్‌కు ఆడింది కానీ, ఆ లీగ్ కూడా మూడు సీజన్లకే మూతపడింది.

2004 ఏప్రిల్‌లో టోక్యోలో జరిగిన ఒలింపిక్స్ అర్హత మ్యాచ్‌లో సావా మోకాలి గాయంతోనే బరిలోకి దిగింది. జపాన్ 3-0తో ఉత్తర కొరియాను ఓడించి ఏథెన్స్‌కు వెళ్లింది. అందరూ 2011 గురించే చెబుతారు గాని, నా దృష్టిలో జపాన్ మహిళల ఫుట్‌బాల్ మళ్లీ ప్రాణం పోసుకున్నది ఆ రోజే.

2011 సంగతి చెప్పకుండా ఉండలేం, నిజమే. తోహోకు భూకంపం, సునామీ వచ్చి నాలుగు నెలలు దాటిందో లేదో, జూలై 17న ఫ్రాంక్‌ఫర్ట్‌లో అమెరికాతో ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. అదనపు సమయంలో 2-1తో వెనకబడి ఉండగా, 117వ నిమిషంలో అయా మియామా కొట్టిన కార్నర్ కిక్ వైపు సావా అందరికన్నా ముందు దూసుకెళ్లి, గోల్‌కు దాదాపు వీపు చూపిస్తూనే, కుడి పాదం బయటి అంచుతో బంతిని లోపలికి మళ్లించింది. పెనాల్టీ షూటౌట్‌లో 3-1తో కప్పు జపాన్‌కు దక్కింది. మిడ్‌ఫీల్డర్ అయి ఉండి ఐదు గోల్స్‌తో టాప్ స్కోరర్‌కు ఇచ్చే గోల్డెన్ బూట్‌ను, ఉత్తమ క్రీడాకారిణిగా గోల్డెన్ బాల్‌ను కూడా గెలుచుకున్నప్పుడు ఆమెకు ముప్పై రెండేళ్లు.

మన దగ్గర ఆడపిల్లల ఆట పదో తరగతితోనో, మహా అయితే ఇంటర్‌తోనో ఆగిపోతుంది. నిజామాబాద్ నుంచి వెళ్లి భారత జట్టుకు, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడిన గుగులోత్ సౌమ్య లాంటి వారు ఏ ఒక్కరో ఉంటారు. అందుకే మా పిల్లకు గోల్స్ లెక్క కన్నా 1993 నుంచి 2015 దాకా సాగిన ఆ ఇరవై రెండేళ్లనే ఎక్కువసేపు చూపించాను.

2015 డిసెంబర్ 27న జపాన్ మహిళల క్లబ్ టోర్నీ ఎంప్రెస్ కప్ ఫైనల్‌లో, ముప్పై ఏడేళ్ల సావా కార్నర్ నుంచి వచ్చిన బంతిని తలతో కొట్టి, ఆ మ్యాచ్‌లోని ఏకైక గోల్‌తో తన క్లబ్ ఐనాక్ కోబెను గెలిపించి ఆట విరమించింది. క్లబ్ మ్యాచ్ కాబట్టి ఆ గోల్ 83లో లేదు.