సొరకాయ క్లాసు

మన ఎమ్మే జర్మన్ బ్యాచి మళ్ళీ కలిసే సందర్భానికి జ్ఞాపకాలు రాయమని, "రెండు పేజీలు, పదో తారీఖులోపు" అంటూ కమిటీ తరఫున మన లీడరు మూడు వాయిస్ మెసేజులు పెట్టాడు. మనిషి బెదిరించడం ఇంకా మానలేదు.

ఎమ్మే జర్మన్ మొదటి ఏడాది నాకు దాదాపు గుర్తులేదు. కాఫ్కాగాడి హార్మోనియం, పదకొండో నంబరు గది, సాంబారులో తాళంచెవి... అవన్నీ ఎవరో ఒకరు రాస్తారులెండి. నాకు మిగిలింది ఆస్ట్రియన్ సాహిత్యం పేపరు, అందులోనూ ఒక్క క్లాసు.

ఆ రోజు ఆస్ట్రియన్ రచయిత యోజెఫ్ రోట్ 1932 నవల 'రాడెట్స్కీమార్ష్' మొదలుపెట్టాలి. మేడమ్ పుస్తకం తెరవకుండా సంచిలోంచి టమాటా తీసి బల్లమీద పెట్టారు. జర్మన్‌లో "టొమాటే" అన్నాం అందరం.

"అది బెర్లిన్‌లో. వియన్నాలో పరడైజర్. జనవరి కూడా యానువార్ కాదు, యెన్నర్."

"అయితే అది తప్పు జర్మన్ కదా మేడమ్?" అన్న తెలివైనవాణ్ణి నేనే.

ఆవిడ కోప్పడలేదు. "మీ ఇంట్లో సొరకాయ అంటారా, ఆనపకాయ అంటారా?" అన్నారు. అంతే, క్లాసు రెండు ముక్కలైంది. గుంటూరు ఒకవైపు, శ్రీకాకుళం ఒకవైపు. మధ్యలో కరీంనగర్ లేచి "ఆనిగెపుకాయ" అని బల్ల చరిచాడు. గంట కొట్టేదాకా కొట్టుకున్నాం. పాపం రోట్, నవల మొదట్లో వచ్చే ఆ ఆదివారం మిలిటరీ బ్యాండు దాకా కూడా రాలేకపోయాడు.

వెళ్తూ వెళ్తూ మేడమ్ గుమ్మం దగ్గర ఆగి చెప్పారు. 1995లో యూరోపియన్ యూనియన్‌లో చేరేటప్పుడు ఆస్ట్రియావాళ్ళు 23 తిండి మాటలను ఏకంగా ఒప్పందంలోనే రాయించుకున్నారట. అందులో పరడైజర్ ఉంది. మనకి అలా రాయించుకోవాలన్న ఆలోచనే రాలేదు.

నేనిప్పుడు వియన్నాలో, కొత్తగా వచ్చేవాళ్ళకి జర్మన్ చెబుతున్నాను. సిరియా నుంచి, ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ళు ఒక తెలుగువాడి దగ్గర యెన్నర్ నేర్చుకుంటున్నారు. గొప్పకి చెప్పడం లేదు, కొంచెం గొప్పకే. అయితే ఇక్కడి సూపర్‌మార్కెట్లలో టొమాటే అన్న మాటా బాగానే కనిపిస్తుంది. మా అమ్మాయి కూడా అదే అంటుంది. మేడమ్‌కి మాత్రం చెప్పకండి.

ఆవిడ వస్తున్నారో లేదో కనుక్కోండి. ఆస్ట్రియాలోని స్టైరియా గుమ్మడిగింజల నూనె తెస్తున్నాను, చిక్కటి ఆకుపచ్చది. అప్పట్లో దాని ఫొటో చూసి "ఆముదమా మేడమ్?" అన్న మహానుభావుడు కూడా వస్తే, రెండో సీసా అతనిది.