రెడ్ లైట్, రైట్ టర్న్, వెనక హారన్: కాలిఫోర్నియాలో నా లైసెన్స్ అనుభవం

కాలిఫోర్నియాకి వచ్చిన రెండేళ్ళ వరకు నాకు కారు నడపడం రాదు. గుంటూరులో ఎనిమిదేళ్ళు స్కూటీ నడిపాను కాబట్టి రోడ్డంటే భయం లేదనే అనుకునేదాన్ని. ఆ రెండేళ్ళూ బాబుని స్ట్రోలర్‌లో కూర్చోబెట్టుకుని లైబ్రరీకి, పార్కుకి, కూరగాయలకి అన్నిటికీ నడిచే వెళ్ళాను. ఈ రైట్ టర్న్ గొడవ ఏంటో నాకు మొదట తెలిసింది అలా నడిచేటప్పుడే.

ఇక్కడ బండ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి కదా, అందుకని ఇక్కడి రైట్ టర్న్ మన ఫ్రీ లెఫ్ట్ లాంటిది. కానీ హైదరాబాద్‌లో ఫ్రీ లెఫ్ట్ బోర్డు ఉంటే ఎవరూ ఆగరు, అలా పక్కనుంచి వెళ్ళిపోతారు. ఇక్కడ రెడ్ ఉన్నప్పుడు కుడికి తిరగొచ్చు గానీ ముందు తెల్ల గీత దగ్గర చక్రాలు పూర్తిగా ఆగాలి, రోడ్డు దాటేవాళ్ళనీ సైకిళ్ళనీ ఎడమ నుంచి వచ్చే బండ్లనీ పోనిచ్చి, ఆ తర్వాత తిరగాలి. 'నో టర్న్ ఆన్ రెడ్' అని బోర్డు ఉంటే గ్రీన్ వచ్చేదాకా కదలకూడదు. కుడి బాణం ఎర్రగా వెలిగినా అంతే. సియాటిల్‌లో ఉండే నా ఫ్రెండ్ మాత్రం వాళ్ళ రాష్ట్రంలో ఎర్ర బాణం ఉన్నా ఆగి తిరగొచ్చు అంటుంది, నిజమే, వాషింగ్టన్ రాష్ట్రం రూలు వేరు. న్యూయార్క్ సిటీలో అయితే తిరగొచ్చని బోర్డు ఉంటే తప్ప రెడ్‌లో అసలు తిరగకూడదు. వేరే ఊరికి కారులో వెళ్ళే ముందు ఇవన్నీ చూసుకోవాలి.

రూలు బాగానే ఉంది. కానీ తిరిగే డ్రైవర్ ఎప్పుడూ ఎడమకే చూస్తాడు, ఎందుకంటే బండ్లు వచ్చేది అటునుంచే, సందు దొరికేది అటునుంచే. అదే సమయంలో మనం అతని కుడిపక్క ఫుట్‌పాత్ మీద నుంచి దిగుతాం. ఒకరోజు మాకు నడిచే మనిషి బొమ్మ వెలిగింది, నేను స్ట్రోలర్ ముందు చక్రాలు రోడ్డు మీదకి దించాను, అంతలో ఒక పెద్ద పికప్ మెల్లగా దొర్లుకుంటూ జీబ్రా గీతల మీదకి వచ్చేసింది. డ్రైవర్ తల పూర్తిగా అటు తిరిగి ఉంది. నేను స్ట్రోలర్‌ని గట్టిగా వెనక్కి లాగాను. బాబు ఏడ్చాడు. అతను మమ్మల్ని చూడనే లేదు, సందు దొరకగానే వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు నా చేతులు వణికాయి.

ఆ తర్వాతే లెర్నర్ పర్మిట్ తీసుకున్నాను. మా ఆయన పక్కన కూర్చుని నేర్పించారు. ప్రతి రైట్ టర్న్ దగ్గరా మాకు గొడవే.

"వెళ్ళు, ఖాళీగానే ఉందిగా, ఏం చూస్తున్నావ్?"

"మీరు కాసేపు మాట్లాడకండి, కుడివైపు ఇంకా చూడలేదు."

వెనకవాళ్ళ హారన్ సంగతి ఇక చెప్పక్కర్లేదు. నేను ఆగీ ఆగకముందే మోగుతుంది. వాళ్ళకి నా కారు వెనక అద్దం, ఇండికేటర్ తప్ప ఏమీ కనపడవు. నా ముందు నుంచి కర్ర పట్టుకుని దాటుతున్న పెద్దావిడ వాళ్ళకి కనపడదు. తెలిసి కొట్టరనే అనుకుంటాను, కానీ తెలియనప్పుడు రెండు సెకన్లు ఆగొచ్చు కదా. ఆ హారన్ వింటే నాకు ఒళ్ళంతా టెన్షన్, కాలు దానంతట అదే బ్రేక్ మీద నుంచి లేచిపోయేది.

మొదటి డ్రైవింగ్ టెస్ట్ అలాగే పోయింది. ఇక్కడ 15 దాకా చిన్న తప్పులు చేసినా పాసవుతాం, కానీ పెద్ద తప్పు ఒక్కటి చేసినా ఫెయిల్. అప్పటిదాకా బాగానే నడిపాను, అద్దాలు చూశాను, స్పీడ్ దాటలేదు. లైసెన్స్ ఆఫీసుకి తిరిగొచ్చే దారిలో చివరి సిగ్నల్, రెడ్. ఎగ్జామినర్ కుడికి తిరగమన్నారు. నేను వేగం తగ్గిస్తూ గీత దగ్గరకి వస్తుంటే వెనక కారు హారన్ కొట్టింది, ఒకసారి కాదు, మూడుసార్లు. బండి దాదాపు ఆగింది. ఆ దాదాపుతోనే వచ్చింది చిక్కంతా. చక్రాలు ఇంకా దొర్లుతుండగానే తిప్పేశాను. ఎవరూ అడ్డం రాలేదు, ఏ ప్రమాదమూ జరగలేదు, కానీ ఆమె కాగితం మీద రాసుకోవడం కనపడింది. పార్క్ చేశాక "రెడ్ లైట్ దగ్గర ఆగకుండా తిరిగావు" అన్నారు, కోపంగా కాదు, మామూలుగానే. స్ట్రోలర్‌తో ఉన్న నన్ను భయపెట్టిన ఆ పికప్ డ్రైవర్ ఏం చేశాడో నేనూ అదే చేశాను. ఫెయిలైనందుకు కంటే దానికే ఎక్కువ ఏడ్చాను.

ఒక అప్లికేషన్ మీద మూడుసార్లు డ్రైవింగ్ టెస్ట్‌కి వెళ్ళొచ్చు కాబట్టి మళ్ళీ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. మధ్యలో ఒక టీచర్ దగ్గర రెండు క్లాసులకి వెళ్ళాను. ఆమె చెప్పిన పద్ధతి నాకు బాగా పనికొచ్చింది. గీత దగ్గర ఆగాక కారు ముందుకి ఊగి వెనక్కి కుదురుకుంటుంది కదా, అది తెలిసేదాకా ఎటూ చూడొద్దంది. ఆ తర్వాత ఎడమ, ముందు, కుడి, కుడి భుజం మీదుగా వెనక్కి సైకిళ్ళ కోసం, చివరగా మళ్ళీ ఎడమ. గీత దగ్గర నుంచి ఎడమవైపు కనపడకపోతే, ఆగిన తర్వాతే, మెల్లగా ముందుకి జరగాలి. సైకిల్ లేన్ ఉన్నచోట టర్న్‌కి 200 అడుగుల లోపే అందులోకి రావాలి, అంతకంటే ముందు రాకూడదు. ఇది మా ఆయనకీ తెలియదు, ఆరేళ్ళుగా నడుపుతున్నారు.

అసలు రెడ్‌లో తిరగనివ్వడం ఎందుకని చదివాను. మా రాష్ట్రంలాంటి పడమటి రాష్ట్రాల్లో ఇది ముందునుంచే ఉంది. 1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు ఆదా కోసమని 1975లో కేంద్రం చట్టం తెచ్చి మిగతా రాష్ట్రాలనీ ఒప్పించింది. ఆదా అయిన పెట్రోలు సరే, ఆ లెక్కలో నడిచేవాళ్ళు ఎక్కడున్నారో నాకు కనపడలేదు.

రెండోసారి పాసయ్యాను, 11 తప్పులతో. అందులో ఒకటి, ఖాళీగా ఉన్న రైట్ టర్న్ దగ్గర అవసరం లేకుండా ఎక్కువసేపు ఆగానని. ఆ తప్పు ఒప్పుకుంటాను. వెనక హారన్ ఆరోజూ మోగింది, ఈసారి కాలు కదల్లేదు.

పోయిన వేసవిలో నాన్న వచ్చారు. పొద్దున్నే నడకకి వెళ్ళే అలవాటు. మొదటిరోజు నేనూ వెంట వెళ్ళి ఆ పికప్ జంక్షన్ చూపించాను. "మనిషి బొమ్మ వెలిగినా సరే, డ్రైవర్ నీ వైపు చూశాకే అడుగెయ్యి నాన్నా" అన్నాను. "గుంటూరు శంకర్ విలాస్ సెంటర్‌లో రోడ్డు దాటినవాణ్ణమ్మా నేను" అని నవ్వారు. వారం తిరక్కుండానే ఒకరోజు మొహం పాలిపోయి వచ్చారు. కారు తన మోకాలికి జానెడు దూరంలో ఆగిందట, లోపలి మనిషి ఎడమవైపే చూస్తున్నాడట. ఆ రోజు నుంచి ఆ సిగ్నల్ వైపు వెళ్ళడం మానేసి వెనక వీధుల్లోంచి పార్కుకి వెళ్ళేవారు. పది నిమిషాలు ఎక్కువ నడక.