పదిహేనో స్టేజి దాటడానికి పదకొండు రాత్రులు

క్యాసిల్‌వేనియా అనే వీడియో గేమ్ మొదటిసారి చూసింది ఏడో తరగతి సెలవుల్లో. సత్యనారాయణపురంలో మా వెనక వాటాలో ఉండే అన్న ఎవరి దగ్గరో పసుప్పచ్చ క్యాసెట్ అరువు తెచ్చాడు. మే నెల, బెజవాడ ఎండలు. మధ్యాహ్నం కరెంటు పోయిందంటే ఆట మళ్లీ కోట గేటు దగ్గర్నుంచే. ఆటలో మూడేసి స్టేజీలు ఒక బ్లాక్. రెండో బ్లాక్ చివర్లో ఉండే పాముల జుట్టు రాక్షసి మెడూసా దాకా కూడా వెళ్లకుండానే క్యాసెట్ తిరిగి ఇచ్చేశాం. ఆ కోట లోపల ఇంకా ఏముందో అన్న ఆలోచన నన్ను చాలా ఏళ్లు వదల్లేదు.

పోయిన వేసవిలో మళ్లీ పట్టుకున్నాను. కొనామి 1986లో తెచ్చిన ఆట అది. 2019లో పాత భాగాలు కొన్ని కలిపి ఒక కలెక్షన్‌గా వేశారు. అందులో ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకోవచ్చు. నేను మాత్రం అది ముట్టుకోకూడదనుకున్నాను. చిన్నప్పుడు ఆగిపోయిన ఆట, అప్పటి లెక్కలోనే పూర్తి కావాలి.

ఈ ఆటలో కష్టమంతా గెంతడంలో ఉంది. మనం ఆడించే హీరో సైమన్ బెల్మాంట్ ఒకసారి నేల వదిలాడంటే గాల్లో అటూ ఇటూ తిప్పలేం. ఎక్కడ దిగాలో ముందే చూసుకుని బటన్ నొక్కాలి. కొరడా కూడా నొక్కిన వెంటనే తగలదు, చెయ్యి వెనక్కి వెళ్లి రావాలి. దెబ్బ తగిలితే వెనక్కి ఎగిరి పడతాడు. వెనక గొయ్యి ఉంటే అంతే సంగతులు. కొవ్వొత్తులు కొడితే రాలే గుండె బొమ్మలు ప్రాణం కోసమని చిన్నప్పుడు అనుకునేవాళ్లం. నిజానికి అవి విసిరే ఆయుధాలకు తూటాల్లాంటివి. ప్రాణం కావాలంటే గోడలు పగలగొట్టి లోపల దాచిన మాంసం వెతుక్కోవాలి.

మొదటి నాలుగు బ్లాకులు వారంలో అయిపోయాయి. ఆ తర్వాత పదిహేనో స్టేజి.

ఈ బ్లాక్ చివరి శత్రువు మృత్యువు. వాడి గదికి ముందు ఒక పొడవాటి వరండా. ఇనుప కవచాలవాళ్లు గొడ్డళ్లు విసురుతుంటారు. ఒకటి తల ఎత్తున వస్తే ఇంకొకటి కాళ్ల ఎత్తున వస్తుంది, తప్పించుకున్నా మళ్లీ వెనక్కి తిరిగొస్తుంది. వీటి మధ్యలో మెడూసా తలలు అలలాగా పైకీ కిందికీ ఊగుతూ వస్తూనే ఉంటాయి. అక్కడ నాలుగు దెబ్బలు తింటే ప్రాణం పోతుంది. ప్రాణాలన్నీ అయిపోతే మళ్లీ పదమూడో స్టేజి నుంచి.

గుంటూరు నుంచి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు పక్కనే కూర్చునేవాడు. ఆరో రాత్రి వాడన్నాడు, “మామయ్యా, నువ్వు తల కనపడగానే గెంతుతున్నావు. అది కిందికి దిగేదాకా ఆగు.” వాడు చెప్పింది అక్షరాలా నిజం. టెన్షన్‌లో నా బొటనవేలు కంటికంటే ముందే కదిలిపోతోంది. తల పైకి వెళ్లి, వంపు తిరిగి, మోకాలి ఎత్తుకు దిగినప్పుడు కొరడా వేస్తే సరిగ్గా తగులుతుంది. ఆ ఒక్క వంపు కోసం ఆగడం నేర్చుకోవడానికే రెండు రాత్రులు పట్టింది.

పనికొచ్చిన రెండో కిటుకు హోలీ వాటర్, విసిరే పవిత్ర జలం సీసా. ఆ సీసా నేల మీద పగిలి మంట లేస్తే, ఆ మంట ఉన్నంతసేపు కవచంవాడు కదల్లేడు. దానితోనే కొడుతూ పోతే రెండు, మూడు సీసాలు వరసగా విసిరే వీలు దొరుకుతుంది. చస్తే మాత్రం సీసా పోతుంది. దారిలో పొరపాటున ఇంకో ఆయుధం తగిలినా పోతుంది. అందుకే కొన్ని కొవ్వొత్తుల జోలికి వెళ్లకుండా వదిలేసి నడిచాను.

పదకొండో రాత్రి ఒక్క దెబ్బే తిని వరండా దాటాను. గది మధ్యలో మృత్యువు కనిపించగానే కాళ్ల కింద సీసాలు పగలగొట్టాను. చుట్టూ చిన్న చిన్న కొడవళ్లు పుట్టుకొచ్చి మీదికి వస్తున్నా నా చూపు తిప్పలేదు. మంట ఆరకముందే ఇంకో సీసా, మళ్లీ ఇంకొకటి. గెలిచిన గుర్తుగా పైనుంచి గోళం రాలి పడింది. “యముణ్ని కొట్టేశావు మామయ్యా!” అని వాడు మంచం మీద నిలబడి అరిచాడు. పక్క గదిలోంచి అక్క వచ్చి టైమెంతయిందో చూడమంది. ఒంటిగంటన్నర.

డ్రాక్యులాకి ఇంకో మూడు రాత్రులే పట్టాయి. మూడు నిప్పుముద్దల మీంచి గెంతి, దిగేలోపు తల మీద కొట్టాలి, మరెక్కడ తగిలినా లెక్కలోకి రాదు. ఆ తలకాయ ఎగిరిపోయాక భూతంగా మారి వస్తాడు. దాన్ని కూడా పడగొట్టాక దూరంగా కొండ మీద కోట కూలిపోతుంటే మేమిద్దరం మాట్లాడలేదు. పేర్లన్నీ అయిపోయాక తెర మీద మళ్లీ గేటు వచ్చింది. ఈసారి శత్రువులు ఇంకా గట్టివాళ్లు. కంట్రోలర్ వాడి చేతికిచ్చాను. వెనక వాటా అన్నకి ఆ కూలిన కోట ఫోటో పంపాను. పొద్దున్నే ఫోన్ చేసి, మెడూసా తర్వాత ఏమేం వచ్చాయో మొత్తం చెప్పమన్నాడు.