కేబీఆర్‌లో ఒక రౌండ్

డాక్టర్ నడవమన్నారని కేబీఆర్ పార్కుకు వెళ్తున్నాను గానీ, ఇవాళ నడిచిందానికంటే నిలబడిందే ఎక్కువ.

లోపలి ట్రాక్ మీద ఎదురుగా ఒక మగ నెమలి. తోకలో నాలుగైదు పొడుగు ఈకలే మిగిలాయి. అవీ ఒక పక్కకు వాలిపోయి, మట్టిలో గీతలు గీస్తున్నాయి. "అయ్యో, దెబ్బ తగిలిందేమో" అన్నాను. పక్కన నడుస్తున్న పెద్దాయన నవ్వి, "దెబ్బేం కాదమ్మా, వానాకాలం అయ్యాక ఈకలు రాల్చేస్తాయి, మళ్లీ వస్తాయి" అన్నారు. నెమలి మాత్రం మా ఇద్దరినీ పట్టించుకోకుండా సీతాఫలం పొదల్లోకి దూరిపోయింది.

జూబ్లీహిల్స్ ట్రాఫిక్ మధ్య ఇంత అడవి మిగలడమే వింత. నిజాం వంశీకుల చిరాన్ ప్యాలెస్ ఇప్పటికీ లోపలే ఉంది. 1998లో దీన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. అందుకే ఇక్కడ ఉయ్యాలలూ జారుడుబల్లలూ వెతుక్కోకూడదు. బెంచీ, నీడ, నడకదారి, నాకైతే అవి చాలు.

ఒక్కటే చిరాకు. ఫోన్లో పాటలు స్పీకర్ పెట్టి మరీ వింటూ నడుస్తారు కొందరు (ఇయర్‌ఫోన్స్ అంత ఖరీదా?). ఇవాళ ఒకాయన అలాగే దాటి వెళ్లాక, తుమ్మచెట్టు వెనక నుంచి జెముడుకాకి "ఊప్ ఊప్ ఊప్" అని మొదలుపెట్టింది. అది ఆపేదాకా అక్కడే నిలబడ్డాను.

స్టెప్పులు 2,300. డాక్టర్‌కి ఎవరూ చెప్పకండి.